చిట్టెలుక మెదడుకు గిరి గీసే యంత్రం

పిల్లవాణ్ణి ఫోటో స్టూడియోకు తీసుకువెళ్ళిన తల్లిదండ్రులందరికీ ఇది అనుభవమే. "కదలకు బాబూ, ఇటు చూడు, అదిగో పిట్ట!" అని ఫోటోగ్రాఫరు బ్రతిమాలుతూనే ఉంటాడు. సరిగ్గా మీట నొక్కే క్షణాన పిల్లవాడు తల తిప్పుతాడు. తీరా బొమ్మ చేతికి వచ్చాక చూస్తే వాడికి రెండు ముక్కులు, మూడు చెవులు! ఇంటిల్లిపాదీ నవ్వుకొని, మరోసారి కూర్చోబెట్టి ఇంకో బొమ్మ తీయించుకుంటారు.

ఇదే చిక్కు పరిశోధనశాలల్లో శాస్త్రజ్ఞులకు కూడా ఉన్నది. అక్కడ ఫోటోకు కూర్చునేది చిట్టెలుక. తీయవలసింది దాని తలలోని మెదడు బొమ్మ. ఆ బొమ్మ చెడితే నవ్వి ఊరుకోవడానికి వీల్లేదు. ఒక మందు పనిచేస్తున్నదా లేదా అన్న తీర్పు దానిమీద ఆధారపడి ఉంటుంది. ఆ మందు రేపు మన ఇంట్లో పక్షవాతం వచ్చిన తాతగారికో, మతిమరుపు ముదిరిన బామ్మగారికో వేయవలసినది కావచ్చు.

కత్తి పెట్టకుండా లోపల చూడడం

ఆస్పత్రిలో ఎమ్.ఆర్.ఐ. తీయించుకున్నవారు మీ బంధువుల్లో ఒకరైనా ఉండి ఉంటారు. పెద్ద గొట్టంలో పడుకోబెడతారు. టకటకమని చెవులు చిల్లులు పడే మోత. "కదలకండి" అని హెచ్చరిక. కాసేపటికి తలలోపలి భాగాలన్నీ కోసి చూపినట్టు బొమ్మలు తయారు!

దీని రహస్యం మన ఒంట్లోని నీటిలో ఉన్నది. నీటిలో ఉదజని ఉన్నది గదా! ఆ ఉదజని పరమాణువు నడిమి బీజం చిన్న అయస్కాంతపు బొంగరం వంటిది. బలమైన అయస్కాంతం మధ్య పెట్టి, తగిన రేడియో తరంగాన్ని పంపితే ఆ బొంగరాలు ఒక్క పెట్టున ఊగి, తిరిగి సన్నని రేడియో ధ్వనిని వెలువరిస్తవి. ఈ సంగతిని 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే ఇద్దరు వేరువేరుగా కనిపెట్టారు. 1952లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ధ్వనినుంచి బొమ్మ తయారుచేయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపించాడు. 2003లో ఆయనకూ, ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డుకూ నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. లాటర్‌బర్ మొదట బొమ్మ తీసినది రెండు సన్నని గొట్టాల్లోని నీటికి. తరువాత, ప్రాణమున్న జీవిని తీయాలనుకున్నప్పుడు ఆయన యంత్రంలోకి దూరినది ఆయన కుమార్తె సముద్రపుటొడ్డున ఏరి తెచ్చిన చిన్న ఆల్చిప్ప! ఆ తరువాత చిట్టెలుక. మనిషి వంతు ఇంకా తరువాత వచ్చింది. అంటే ఈ విద్యలో జంతువులే మనకు అన్నలూ అక్కలూ అన్నమాట.

శనగగింజంత మెదడు

మనిషి మెదడు ఇంచుమించు 1300 గ్రాముల పైచిలుకు తూగుతుంది. చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు. మనదానిలో సుమారు మూడువేల వంతు. పెద్ద శనగగింజంత అనుకోండి.

ఎమ్.ఆర్.ఐ. బొమ్మ చిన్నచిన్న ఘనాలతో, అనగా పాచికలవంటి గళ్ళతో తయారవుతుంది. మనిషి తలకు ఒక్కొక్క ఘనం ఒక మిల్లీమీటరు ఉంటే సరిపోతుంది. చిట్టెలుకకు మిల్లీమీటరులో పదో వంతు ఉండాలి. పొడవులో పదో వంతు అంటే పరిమాణంలో వెయ్యో వంతు. ఆ ఘనంలో నీరు కూడా వెయ్యో వంతే. దాని ధ్వనీ అంత సన్నగానే వినిపిస్తుంది.

అందుచేత పరిశోధనశాలల్లో చిన్న జంతువులకు మరింత బలమైన అయస్కాంతాలు వాడుతారు. ఆస్పత్రుల్లో సాధారణంగా ఒకటిన్నర లేక మూడు టెస్లాల అయస్కాంతాలు ఉంటవి. ఎలుకలకు ఏడు, 9.4 టెస్లాలవి వాడడం పరిపాటి. భూమికి సహజంగా ఉన్న అయస్కాంతబలంతో పోలిస్తే 9.4 టెస్లాలు సుమారు రెండు లక్షల రెట్లు! ఎలుకకు మత్తుగాలి పట్టించి, పళ్ళకు, చెవులకు ఊతమిచ్చి తల కదలకుండా చేసి, ఒళ్ళు చల్లబడకుండా వెచ్చగా ఉంచి బొమ్మ తీస్తారు.

ఇంతా చేసి బొమ్మ వచ్చిందనుకోండి. పని అప్పుడు మొదలవుతుంది.

గిరి గీయడమే పెద్ద పని

బొమ్మలో మెదడు ఒక్కటే ఉండదు. పుర్రె, దవడ కండరాలు, కళ్ళు, కొవ్వు అన్నీ ఉంటవి. మెదడు ఎంత పరిమాణం ఉన్నదో, మందు వేశాక ఎంత తగ్గిందో, పెరిగిందో తెలియాలంటే ముందు మెదడు చుట్టూ గిరి గీయాలి. "ఇంతవరకు మెదడు, ఇది దాటితే కాదు" అని తేల్చాలి. ఆ పైన మెదడులోనే వల్కలం ఏది, అనుమస్తిష్కం ఏది, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ ఏది అని విడదీయాలి.

అనుభవమున్న మనిషి పొరపొరకూ చేత్తో గిరి గీస్తే ఒక్క ఎలుకకే గంటల కొద్దీ పడుతుంది. నూరు ఎలుకలంటే ఆలోచించండి! పైగా ఇద్దరు నిపుణులు గీసిన గిరులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకరే సోమవారం గీసినదీ, శుక్రవారం గీసినదీ కూడా కలవకపోవచ్చు.

గిరి వెంట్రుకవాసి తప్పితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూద్దాము. చిట్టెలుక మెదడు 450 ఘన మిల్లీమీటర్ల గుండ్రని బంతి అనుకోండి. చుట్టూ ఒక్క ఘనం మందాన, అనగా మిల్లీమీటరులో పదో వంతు, లోపలికి జరిగి గీశామనుకోండి. పోయేది 28 ఘన మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నూటికి ఆరు వంతులన్నమాట! నిజమైన మెదడు బంతిలాగా నున్నగా ఉండదు కాబట్టి నష్టం ఇంకా ఎక్కువే. మందు ప్రభావం నూటికి రెండు మూడు వంతులే అయినప్పుడు, గిరిలోనే ఆరు వంతుల తేడా వస్తే ఇక ఆ తూకానికి విలువేమిటి?

దయ్యాలు, నీడలు, వంకర అద్దాలు

ఇక బొమ్మలోని దోషాల సంగతి. ఇవి ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది కదలిక. మత్తులో ఉన్నా ఎలుక ఊపిరి తీయక తప్పదు. గుండె కొట్టుకోక తప్పదు. కెమేరాలో కదలిక వల్ల కదిలిన భాగమే మసకబారుతుంది. ఎమ్.ఆర్.ఐ. తీరు వేరు. ఈ యంత్రం బొమ్మను చుక్కచుక్కగా తీయదు. తరంగాలుగా సేకరించి, అన్నిటినీ కలిపి లెక్కకట్టి బొమ్మ చేస్తుంది. ప్రతి తరంగంలోనూ బొమ్మ మొత్తానికి సంబంధించిన సమాచారం ఉంటుంది. పాటకచేరీలో ఒక్క వాయిద్యం శ్రుతి తప్పితే హాల్లో ఒక మూలనే చెడుతుందా? అంతటా వినిపిస్తుంది. ఇక్కడా అంతే. ఒక్క క్షణపు కదలికకు తల అంచులు నీడలుగా మారి బొమ్మ అంతటా వరసగా పడతవి. శాస్త్రజ్ఞులు వీటిని దయ్యాలనే పిలుస్తారు. మెదడు మధ్యలో ఒక కన్ను దయ్యమై తేలుతుంటే యంత్రం దాన్ని ఏమనుకోవాలి?

రెండవది గాలి వల్ల వచ్చేది. చెవి గూటిలోనూ, ముక్కు వెనుక గూళ్ళలోనూ గాలి ఉంటుంది. గాలీ, కండా అయస్కాంతానికి ఒకే విధంగా స్పందించవు. రెండూ కలిసేచోట అయస్కాంత క్షేత్రం మెలిక పడుతుంది. అక్కడ బొమ్మ నల్లబడిపోతుంది, లేదా తిరునాళ్ళలో వంకర అద్దంలో చూసినట్టు సాగిపోతుంది. విచిత్రమేమంటే, అయస్కాంతం బలం పెంచినకొద్దీ ఈ దోషమూ పెరుగుతుంది. ఏ బలం కోసం అంత ఖర్చు పెట్టామో ఆ బలమే ఇక్కడ శత్రువు. లోహం ఉంటే చెప్పనే అక్కరలేదు. పెంపుడు కుక్కలకు మెడ దగ్గర చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్పు చుట్టూ బొమ్మలో నల్లని గుంట పడుతుంది.

మూడవది వెలుతురు తేడా. సన్నని ధ్వనిని పట్టడానికి తీగచుట్టను ఎలుక తలపైనే ఆనించి పెడతారు. దగ్గరి భాగాలు ధగధగలాడుతవి, లోపలి భాగాలు చీకటిలో ఉంటవి. హరికేన్ లాంతరు పక్కన కూర్చున్న మనిషికి ఒక చెంప వెలిగి, రెండో చెంప నల్లగా కనిపించినట్టే. రెండు చెంపల రంగూ ఒకటేనని మనకు తెలుసు. యంత్రానికి ఎవరో చెప్పాలి.

పిల్లి నేర్పిన పాఠం

గిరి గీసే పని కంప్యూటరుకు అప్పగించాలన్న ప్రయత్నాలు చాలా కాలంగా జరుగుతున్నవి. మనిషి తల విషయంలో 2002లో ఆక్స్‌ఫర్డులో స్టీఫెన్ స్మిత్ ప్రచురించిన పద్ధతి పేరుపొందింది. తల నడుమ చిన్న బుడగ ఉన్నట్టు ఊహించి, దాన్ని మెదడు అంచుదాకా మెల్లగా ఊదుతూ పోవడం అందులోని కిటుకు. మనిషి మెదడు ఇంచుమించు గుండ్రన కాబట్టి కుదిరింది. ఎలుక మెదడు కోలగా ఉంటుంది. ముందువైపు ఘ్రాణ లంబికలు మొగ్గల్లాగా పొడుచుకొని వస్తవి. మెదడుకూ పుర్రెకూ మధ్య సందు చాలా తక్కువ. బుడగ ఒకచోట అంచు దాకా పోనే పోదు, మరొకచోట పుర్రె దాటి కండరాల్లోకి చొరబడుతుంది.

అప్పుడు కొందరు మరో దారి పట్టారు. పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన నరకణాలు ఒకే వస్తువుకు చెందిన భాగాలను చూసినప్పుడు కలిసి లయగా స్పందిస్తవని 1990 ప్రాంతాల శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ తీరును అనుకరిస్తూ కంప్యూటరులో ఒక కృత్రిమ నరాల వల తయారైంది. దాన్ని 2009లో ఎలుకల మెదళ్ళను విడదీయడానికీ, 2011లో చిట్టెలుకలకు మూడు కొలతల్లోనూ ఉపయోగించారు. పిల్లి దగ్గర నేర్చిన విద్యతో ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు!

ఇంకొక పద్ధతి పటం ఆధారంగా సాగేది. ముందే నిపుణులు గీసి ఉంచిన ప్రమాణ పటాన్ని తెచ్చి, కొత్త బొమ్మకు సరిపోయేలా సాగదీసి, వంచి తొడుగుతారు. దర్జీ తయారుచొక్కాను ఒంటికి తగినట్టు సరిచేయడం వంటిది. అయితే మొదటి చొక్కా మరీ వేరే కొలతదైతే ఎంత సరిచేసినా కుదరదు. మనుషుల విషయంలోనూ ఈ మాట నిజమే. విదేశీయుల మెదళ్ళ ఆధారంగా గీసిన పటాలు మనవాళ్ళకు సరిగా అమరడం లేదని, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు నూరుమంది భారతీయుల బొమ్మల నుంచి ఒక మెదడు పటం తయారుచేసి 2019లో వెల్లడించారు. ఎలుక సంగతి మళ్ళీ చెప్పాలా?

చెడ్డ బొమ్మలతో చదువు

2015లో జర్మనీలోని ఫ్రైబర్గు విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు శాస్త్రజ్ఞులు యు-నెట్ అనే వలను ప్రకటించారు. సూక్ష్మదర్శినిలో కనపడే కణాలకు గిరి గీయడానికి పుట్టింది అది. బొమ్మను మొదట మెట్టుమెట్టుగా కుదించి మొత్తం మీద ఏముందో గ్రహిస్తుంది. తిరిగి మెట్టుమెట్టుగా పెంచుకుంటూ వచ్చి అంచులు ఎక్కడున్నవో తేలుస్తుంది. ఆ దిగుడూ ఎగుడూ ఆంగ్లాక్షరం 'యు' ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. వారు చేసిన ఒక పరీక్షలో దానికి నేర్పడానికి దొరికిన బొమ్మలు ముప్పయి మాత్రమే. ఉన్న బొమ్మలనే సాగదీసి, వంచి, తిప్పి కొత్తవిగా చూపించి నేర్పారు. జంతువుల బొమ్మలు చేసేవారికి ఇది వరమైంది. మనుషుల బొమ్మలు వేలకు వేలు దొరుకుతవి, ఎలుకలవీ కోతులవీ నిపుణులు గిరి గీసి ఉంచినవి కొద్దే.

ఐతే ఇలాంటి యంత్రం కూడా బడిపిల్లవాడి వంటిదే. చూసిన లెక్కే పరీక్షలో వస్తే నూటికి నూరు. అంకెలు కాస్త మారిస్తే తబ్బిబ్బు. శుభ్రమైన బొమ్మలతో మాత్రమే నేర్చిన వల, దయ్యాలున్న బొమ్మ రాగానే కండరాన్ని మెదడంటుంది, నల్లబడిన మెదడును గాలి అంటుంది. పైగా ఏ తడబాటూ లేకుండా చెబుతుంది!

దీనికి విరుగుడుగా శాస్త్రజ్ఞులు కావాలనే బొమ్మలను చెడగొట్టి నేర్పడం మొదలుపెట్టారు. మంచి బొమ్మ తీసుకుంటారు. గిరి ఎక్కడో ముందే తెలుసు. ఆ బొమ్మలో కదలిక దయ్యాలను కల్పిస్తారు. లాంతరు వెలుగులాంటి తేడా పూస్తారు. ఇసుక చల్లినట్టు రొద కలుపుతారు. "ఇప్పుడు చెప్పు, గిరి ఎక్కడ?" అని అడుగుతారు. జవాబు మారదు కాబట్టి, దోషాన్ని దాటి చూడడం యంత్రం నేర్చుకుంటుంది. మనిషి మెదడు బొమ్మల కోసం 2023లో ప్రచురితమైన సింత్‌సెగ్ అనే పద్ధతి మరో అడుగు ముందుకు వేసింది. దానికి చూపినవన్నీ కంప్యూటరు కల్పించిన బొమ్మలే. రంగులు, వెలుతురు, మసక అన్నీ ఇష్టం వచ్చినట్టు మార్చి చూపారు. అన్ని రకాల వింతలూ చూసిన పిల్లవాడు అసలు బొమ్మకు బెదరడు గదా!

నూటికి తొంభై ఎనిమిది వచ్చినా

యంత్రం గిరికి మార్కులు వేయడానికి ఒక లెక్క ఉన్నది. మనిషి గీసిన దానిలో నూరు ఘనాలు, యంత్రం గీసిన దానిలో నూరు ఘనాలు ఉండి, రెంటికీ ఉమ్మడిగా తొంభై ఉన్నవనుకోండి. ఉమ్మడి వాటిని రెండింతలు చేసి మొత్తం రెండువందలతో భాగిస్తే 0.90. దీన్ని 1945లో ప్రచురించినవాడు లీ డైస్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు. ఏ రెండు జాతుల జీవులు ఎంత తరచుగా ఒకేచోట కలిసి ఉంటవో కొలవడానికి ఆయన దాన్ని తయారుచేశాడు. ఆయన అడవి ఎలుకలను తెగ పరిశీలించిన మనిషి. ఆయన లెక్క ఇన్నేళ్ళకు ఎలుక మెదడు దగ్గరికే వచ్చి చేరడం తమాషాగా లేదూ?

ఈ మార్కులను గుడ్డిగా నమ్మరాదు. నూరు ఘనాల మెదడులో మూడు ఘనాలంత చిన్న భాగాన్ని యంత్రం పూర్తిగా వదిలేసిందనుకోండి. మిగతా తొంభైయేడూ సరిగ్గా గుర్తించింది. లెక్క కడితే 0.98 పైన వస్తుంది. బ్రహ్మాండమైన మార్కులు! కాని పరిశోధన అంతా ఆ మూడు ఘనాల గురించే అయితే? ఇంటి నిండా వెతికామని చెప్పి తాళంచెవి ఉన్న గూడు ఒక్కటే వదిలేసినట్టు కాదా?

తీర్పు తారుమారయ్యే చోటు

అసలు ప్రమాదం ఇంకొకటి ఉన్నది. దోషాలు అన్ని ఎలుకలకూ సమానంగా పడితే కొంత మేలు. తప్పులు ఇటూ అటూ సరిపోవచ్చు. కాని జబ్బు చేసిన ఎలుక ఆయాసపడుతుంది. మత్తు దానికి వేరుగా పట్టుతుంది. కనుక దాని బొమ్మలోనే దయ్యాలు ఎక్కువ పడవచ్చు. అప్పుడు యంత్రం జబ్బు ఎలుకల మెదడును చిన్నదిగా గీస్తే, "జబ్బు వల్ల మెదడు కృశించింది" అని రాసుకుంటాము. నిజానికి కృశించింది బొమ్మ. మందు వేసిన ఎలుక నెమ్మదిగా ఊపిరి తీస్తే దాని బొమ్మ శుభ్రంగా వస్తుంది. "ఆహా, మందు మెదడును కాపాడింది" అంటాము! ఇది ఊహ మాత్రమే కాదు. మనుషుల్లో తల కదిలినకొద్దీ మెదడు బూడిద పదార్థం తగ్గినట్టు తప్పుగా కనిపిస్తుందని 2015లో ప్రచురించిన పరిశోధన నిరూపించింది.

పోనీ, చెడ్డ బొమ్మలన్నీ పారవేస్తే? అక్కడ ధర్మం అడ్డు వస్తుంది. పూర్వం వ్యాధి ఏ దశలో ఎలా ఉన్నదో చూడాలంటే ప్రతి దశలోనూ కొన్ని ఎలుకలను చంపి చూడవలసి వచ్చేది. ఎమ్.ఆర్.ఐ. వల్ల అదే ఎలుకను వారం వారం చూడవచ్చు. 1959లో ఇంగ్లండులో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ప్రయోగాలలో జంతువుల పట్ల మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువులు లేకుండానే చేయాలి. తప్పకపోతే తక్కువ జంతువులతో చేయాలి. వాటికి బాధ తక్కువగా ఉండేలా చేయాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ప్రయోగాలపై ప్రభుత్వ సంఘం పర్యవేక్షణకు దారి చూపింది. పారవేసిన ప్రతి బొమ్మ వెనుకా ఒక ప్రాణి పడిన శ్రమ ఉన్నది. దాని స్థానంలో ఇంకొక ప్రాణిని తేవలసి వస్తుంది. పైగా జబ్బు ముదిరిన ఎలుకల బొమ్మలే ఎక్కువగా పారవేస్తే, మిగిలిన లెక్కా ఒక వైపుకే మొగ్గుతుంది.

అందుకని మంచి పరిశోధనశాలల్లో మధ్యేమార్గం అనుసరిస్తారు. ముందు దోషం రాకుండా చూడడం: ఊపిరి తీసే వేళ ఆగి, ఊపిరికీ ఊపిరికీ నడుమ బొమ్మ తీసేలా యంత్రాన్ని సర్దడం. తరువాత వెలుతురు తేడాను లెక్కతో సరిచేయడం. ఆ పైన, ఒక్క వలతో ఊరుకోకుండా నాలుగైదు వలలచేత వేరువేరుగా గిరి గీయించి పోల్చడం. అన్నీ ఏకీభవించినచోట నమ్మకం ఎక్కువ. తలొక మాటా చెప్పినచోట ఎర్ర గుర్తు పడుతుంది. ఆ గుర్తున్న పొరలు మాత్రం మనిషి కూర్చొని చూస్తాడు. అది ఏ జట్టు ఎలుకో, మందు వేసినదో వేయనిదో ఆయనకు చెప్పరు. చెబితే చేయి తెలియకుండానే ఒక వైపుకు జరుగుతుంది. మనిషి మనసు అటువంటిది.

పనిలో కొత్తగా చేరిన కుర్రవాడు తెలియనిది తెలియదని ఒప్పుకుంటే యజమాని సంతోషిస్తాడు. తెలియకపోయినా తెలిసినట్టు లెక్కలు రాస్తే కొంప మునుగుతుంది. యంత్రానికైనా ఇదే న్యాయం. గిరి చకచకా గీయడం అది బాగానే నేర్చుకున్నది. "అయ్యా, ఈ చెవి పక్కన నాకు సరిగా కనబడడం లేదు, మీరొకసారి చూడండి" అని అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది. మన తాతగారి మందు సంగతి తేలేది ఆ రెండో విద్య మీదనే.